‘లైలు కాదు, లైలు!’

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక అమ్మమ్మగారి ప్రశ్న: మూడేళ్ల మనవడు రైలును ‘లైలు’ అంటాడు. ముద్దొచ్చి ఆవిడ కూడా ‘లైలొచ్చిందిరా’ అంటే వాడికి కోపం. "లైలు కాదు, లైలు!" అని దిద్దుతాడట. వాడికి తేడా వినపడుతోందా, లేదా?

శుభ్రంగా వినపడుతోంది. 1960లో అమెరికా మనస్తత్వవేత్తలు జీన్ బెర్కో, రోజర్ బ్రౌన్ ఇలాంటి పిల్లవాడి గురించే రాశారు. బొమ్మ చేపను వాడు ‘ఫిస్’ అనేవాడు. పెద్దవాళ్లు ‘ఫిస్’ అంటే ఒప్పుకోడు. ‘ఫిష్’ అంటేనే "అవును, నా ఫిస్" అంటాడు. చెవి ముందే నేర్చేసుకుంది, నాలుకే ఇంకా అందుకోలేదు.

ఇంట్లో చూసుకోవచ్చు. ‘కారు’ను కూడా ‘కాలు’ అనే పిల్లవాడి ముందు బొమ్మ కారు పెట్టండి; కాలు ఎలాగూ ఉంది. మీ పెదాలు కనపడకుండా వెనక కూర్చుని, ‘కారు ఏదీ?’, ‘కాలు ఏదీ?’ అని వరస మార్చి ఆరుసార్లు అడగండి. కారు, కాలు, కారు, కాలు అని వంతులవారీగా అడిగితే వాడు వరసను పట్టేస్తాడు. ఆరూ గాలివాటుగా కుదిరే అవకాశం 64లో 1 మాత్రమే. ఆట మీద మనసు లేకపోతే ఆపి, మర్నాడు అడగండి.

మరి ‘ర’తో తంటా ఏమిటి? నాలుక అంచులు రెండూ పైదవడ పళ్లకు ఆని పక్కదారులు మూసెయ్యాలి. కొన పైపళ్ల వెనకున్న గట్టును తాకాలి. ‘ర్‌ర్‌ర్’ అని సాగదీస్తే కొనను ఆడించేది ఊపిరే: గాలికి వాకిట్లో పరదా కొట్టుకున్నట్టు, సెకనుకు 25–30 సార్లు. ‘కారు’లో ఒక్క తాకు చాలు గానీ, దాన్ని కండరమే విసరాలి, సుమారు 25 మిల్లీసెకన్లలో వెనక్కి తీసుకోవాలి. కొన అక్కడే ఆగి అంచులు జారాయా, గాలి పక్కల నుంచి పోతుంది, అది ‘ల’. అంచులు మూసే ఉండి కొన ఆగిపోతే ‘ద’లాంటిది వస్తుంది. కొన అసలు లేవకపోతే ‘యైలు’. పిల్లవాడి తప్పు వింటే ఏ భాగం మొరాయించిందో చెప్పొచ్చు! ‘కాకి’ని ‘తాతి’ అనడమూ ఇంతే: నాలుక వెనకభాగం లేవాల్సిన చోట ముందుభాగం లేస్తుంది. అది మామూలుగా నాలుగేళ్లలోపే పోతుంది. ‘ర’ ఇంకా ఆలస్యం.

వస అరగదీసి నాలుకకు రాస్తే మాట తిరుగుతుందని ఇప్పటికీ రాసేవాళ్లున్నారు. వద్దు. వసనూనె ఎలుకల్లో కణితులు తెప్పిస్తుందని తేలాక, 1968లో అమెరికా ఆహారంలో వసను నిషేధించింది. చుట్టాల ముందు నిలబెట్టి ‘రైలు అను, రైలు అను’ అని వేధించడమూ దండగే. వాడు ‘లైలొచ్చింది’ అంటే, "అవును, రైలొచ్చింది! రైలుకి ఎన్ని పెట్టెలో!" అని సరైన మాటను రెండుసార్లు వినిపించి ఊరుకోండి.

ఏడాదిన్నరకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు ‘అమ్మా దా’లాంటి జంటమాటలు లేకపోయినా, నాలుగేళ్లకు బయటివాళ్లకు మాట అర్థం కాకపోయినా ముందు చెవి పరీక్ష చేయించాలి. కారు, కాలు ఆటలో మళ్లీమళ్లీ తడబడినా అంతే. గుంటూరు పెద్దాసుపత్రి (జీజీహెచ్)లో అయితే ఈఎన్‌టీ విభాగానికి తీసుకెళ్లండి. ‘నాలుక కింద నరం అంటుకుంది, కోయించండి’ అనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. నాలుక చాపి పెదవి దాటించగలిగి, కొనతో పైపళ్లను తాకగలిగే పిల్లవాడి ‘లైలు’కి ఆ నరం కారణం కాదు.