తారు ఇసుక, తిరుగు పైపులైన్

"అమెరికా ప్రపంచంలో అందరికంటే ఎక్కువ ముడిచమురు తీస్తోంది కదా, మరి కెనడా దగ్గర రోజుకు దాదాపు 40 లక్షల బ్యారెళ్లు ఎందుకు కొంటోంది?" ఇంజినీరింగ్ చదువుతున్న ఒక కుర్రాడి ప్రశ్న ఇది. చాలామంది దీనికి జవాబు రాజకీయాల్లో వెతుకుతారు. నన్నడిగితే ముందు చిక్కదనంలో వెతకాలి.

కెనడా అమ్మే చమురులో ఎక్కువ భాగం ఆ దేశపు పశ్చిమ రాష్ట్రం ఆల్బెర్టాలోని తారు ఇసుక నుంచి వస్తుంది. అథబాస్కా, కోల్డ్ లేక్, పీస్ రివర్ అనే మూడు ప్రాంతాల్లో కలిపి సుమారు 1,42,000 చదరపు కిలోమీటర్ల నేల కింద ఈ ఇసుక పరచుకుని ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో భూమి కింద చమురు చెరువులాగా నిండి ఉన్నట్టు బొమ్మ వేస్తారు. ఆ బొమ్మ చూసి పెరిగినవాళ్లకు తారు ఇసుక సంగతి చెబితే నమ్మకం కుదరదు. ముడిచమురంతా ఒకే రకం అన్న అపోహ కూడా అక్కడే మొదలవుతుంది. తరగతిలో ఈ తేడా చెప్పడానికి పది నిమిషాలు చాలు.

బెల్లం పాకం సంగతి అందరికీ తెలుసు. కాచేకొద్దీ నీరు పోయి ముదురుతుంది. ముదురు పాకం చల్లారితే గరిటె కదలదు. దాన్ని మళ్లీ జారుగా చేయాలంటే రెండే దారులు: పొయ్యి మీద పెట్టాలి, లేదా పోయిన నీటిని తిరిగి పోయాలి. ఆల్బెర్టా చమురు పరిశ్రమ అంతా ఈ రెండు దారుల మీదే నడుస్తోంది.

ముందు అది ఎలా ముదిరిందో చూద్దాం. కోట్ల ఏళ్ల క్రితం లోతైన పొరల్లో పుట్టిన మామూలు చమురు మెల్లగా తూర్పుకు జరిగి, నేలకు దగ్గరగా ఉన్న చల్లని ఇసుకలోకి చేరింది. అక్కడి సూక్ష్మజీవులు అందులోని తేలిక అణువులను తినేశాయి. వాటికి అరగని బరువైన అణువులు మిగిలాయి. అదే బిట్యుమెన్, మన రోడ్డు మీది తారుకు సోదరుడు. సుమారు 10 డిగ్రీల దగ్గర అథబాస్కా బిట్యుమెన్ చిక్కదనం 10 లక్షల సెంటీపాయిజ్ దాటుతుంది. నీటికి అది 1. అదే బిట్యుమెన్‌ను 200 డిగ్రీలు దాటించండి, 10 సెంటీపాయిజ్ దగ్గరకు దిగొస్తుంది. లక్ష రెట్ల తేడా! ఈ అంకె నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

నేలకు సుమారు 75 మీటర్ల లోపల ఉన్న ఇసుకను గనిలా తవ్వుతారు. 1920ల్లో కార్ల్ క్లార్క్ పదును పెట్టిన వేడినీటి పద్ధతిలో కడిగితే బిట్యుమెన్ నురుగుగా పైకి తేలుతుంది. ఒక బ్యారెల్‌కు సుమారు రెండు టన్నుల ఇసుక కావాలి. 1967లో ఫోర్ట్ మెక్‌ముర్రే దగ్గర భారీ ఉత్పత్తి మొదలైంది ఇలాగే. కానీ తీయదగిన నిల్వల్లో 80 శాతం తవ్వకానికి అందనంత లోతున ఉన్నాయి.

అక్కడ రోజర్ బట్లర్ అనే ఇంజినీరు ఆలోచన పనికొచ్చింది. నేలకు సమాంతరంగా రెండు బావులు, ఒకదాని మీద ఒకటి, సుమారు 5 మీటర్ల ఎడంతో వేస్తారు. పై బావిలోంచి ఆవిరి పంపుతారు. ఆవిరి చుట్టూ వ్యాపించి ఒక గదిలా పెరుగుతుంది. ఆ గది అంచుల్లో చల్లని బిట్యుమెన్‌ను తాకి నీరుగా మారేటప్పుడు తన గుప్తోష్ణాన్ని దానికి ఇచ్చేస్తుంది. కరిగిన బిట్యుమెన్ గురుత్వాకర్షణతోనే గోడల వెంట జారి కింది బావిలోకి చేరుతుంది. ఒక బ్యారెల్ బిట్యుమెన్‌కు మామూలుగా 3 బ్యారెళ్ల నీటిని ఆవిరి చేయాలి, అందుకు సహజవాయువు కాల్చాలి. ఈ చమురు మీద ఉన్న పెద్ద ఫిర్యాదు, కర్బన ఉద్గారాలు, పుట్టేది ఆ పొయ్యిలోనే. అది న్యాయమైన ఫిర్యాదు.

పైకి వచ్చిన బిట్యుమెన్ చల్లారితే మళ్లీ మొదటికే వస్తుంది. వేల కిలోమీటర్ల పైపును వేడిగా ఉంచలేరు కాబట్టి ఇక రెండో దారి: పల్చన చేయడం. నాఫ్తా లాంటి తేలికైన కండెన్సేట్ కలుపుతారు. మిశ్రమంలో దాని వాటా పావు వంతు నుంచి 30 శాతం దాకా ఉంటుంది. ఆల్బెర్టా, బ్రిటిష్ కొలంబియా షేల్ (పలకల రాయి) బావుల్లో కండెన్సేట్ దొరుకుతున్నా అది చాలదు. అందుకే అమెరికాలోని షికాగో ప్రాంతం నుంచి ఆల్బెర్టాలోని ఎడ్మంటన్‌కు 2010లో సదరన్ లైట్స్ అనే పైపులైన్ మొదలైంది. సామర్థ్యం రోజుకు 1,80,000 బ్యారెళ్లు. అందులో కొంత భాగం, ఒకప్పుడు చమురును దక్షిణానికి మోసిన పైపునే ఎదురు దిశకు తిప్పి వాడుకున్నది. ఎప్పుడో సూక్ష్మజీవులు తినేసిన తేలిక భాగాన్ని, ఇప్పుడు పొరుగుదేశం దగ్గర డబ్బు పోసి కొంటున్నారన్నమాట!

ఈ మిశ్రమం నీటిలో ఒలికితే ప్రమాదం వేరుగా ఉంటుంది. 2010 జులైలో మిచిగన్‌లో పైపు పగిలి కలమజూ నదిలో పడినప్పుడు, తేలిక భాగం ఆవిరై పోయి బిట్యుమెన్‌లో కొంత అడుగుకు చేరింది. పైన తేలేదాన్ని తీసే పరికరాలు చాలక నది అడుగు తవ్వాల్సి వచ్చింది, శుభ్రం చేయడానికి ఏళ్లు పట్టింది.

ఇక కుర్రాడి ప్రశ్నకు. అమెరికా షేల్ చమురు తేలికైనది. కానీ మిడ్‌వెస్ట్ రిఫైనరీలు చాలా వరకు బరువైన చమురుకు తగ్గట్టు కోకర్లు కట్టుకున్నాయి. దాదాపు 500 డిగ్రీల వేడిలో పెద్ద అణువులను విరగ్గొట్టి పెట్రోలు, డీజిల్ పదార్థాలు తీసే యంత్రాలవి. ఇండియానాలోని వైటింగ్ రిఫైనరీ ఇందుకోసమే సుమారు 400 కోట్ల డాలర్లు పెట్టి 2013లో మార్పులు పూర్తిచేసింది. అంత ఖర్చుపెట్టాక తేలిక చమురు పోస్తే గిట్టుబాటు కాదు. అందుకే తన తేలిక చమురును ఓడలకెక్కించి, పొరుగింటి చిక్కటి చమురును కొంటుంది అమెరికా.

కెనడాకూ ఇదే చిక్కు. పైపులన్నీ ఒకే కొనుగోలుదారు వైపు ఉంటే బేరమాడే బలం ఉండదు. 2018 చివర్లో పైపుల్లో చోటు చాలక ఆల్బెర్టా చమురు అమెరికా చమురు కంటే బ్యారెల్‌కు 40 డాలర్లకు పైగా తక్కువకు అమ్ముడైంది. 2019 జనవరి నుంచి ఉత్పత్తి తగ్గించమని ఆల్బెర్టా ప్రభుత్వమే ఆదేశించింది. అమెరికాకు మరో పైపు వేసే కీస్టోన్ ఎక్స్‌ఎల్ ప్రాజెక్టు అనుమతి 2021లో రద్దయింది. చివరకు 2024 మేలో పసిఫిక్ తీరానికి విస్తరించిన ట్రాన్స్ మౌంటెన్ లైన్ మొదలయ్యాకే ఆసియాకు సరైన దారి తెరుచుకుంది. 2025 మార్చిలో అమెరికా కెనడా సరుకులపై 25 శాతం సుంకం వేసినప్పుడు ఇంధనానికి మాత్రం 10 శాతమే అంది. ఎందుకంటే ఆ కోకర్లకు తగిన వేరే చమురు వెంటనే ఎక్కడా దొరకదు.