జైలు నుంచి చూస్తే ఒక లెక్క, బాల్యం నుంచి చూస్తే ఇంకో లెక్క

2014లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ఒక అధ్యయనం వెలువడింది. నేరాల్లో పట్టుబడి జువైనల్ వ్యవస్థలోకి వచ్చిన 64,329 మంది పిల్లల బాల్యం ఎలా గడిచిందో చూశారు. దెబ్బలు, లైంగిక హింస, ఆలనాపాలనా లేకపోవడం, తల్లిదండ్రులు విడిపోవడం, ఇంట్లో తాగుడో మత్తుమందో, ఎవరో ఒకరు జైలుకెళ్లడం... ఇలా పది రకాల కష్టాలు లెక్కలోకి తీసుకున్నారు. వీటిలో ఒక్కటి కూడా లేని పిల్లలు 2.8 శాతం మందే.

ఈ అంకె చదివితే కడుపులో దేవినట్టవుతుంది. కానీ ఇది చూసి "ఇంట్లో నలిగిన పిల్లలు చివరికి జైలుకే పోతారు" అనుకుంటే ఆ పిల్లలకు మనం ఇంకో అన్యాయం చేసినట్టే. ఎందుకంటే ఇది జైలు గుమ్మం దగ్గర నిలబడి వెనక్కి చూసిన లెక్క. అలాంటి ఇళ్లలోనే పెరిగి అక్కడిదాకా రాని పిల్లలు ఇందులో లేరు.

ముందుకు చూసిన లెక్క క్యాథీ విడమ్ అనే పరిశోధకురాలిది. అమెరికా మధ్య పశ్చిమంలోని ఒక కౌంటీలో (మన జిల్లా లాంటిది) 1967-71 మధ్య హింస, నిర్లక్ష్యం కోర్టులో రుజువైన 908 మంది పిల్లల రికార్డులు ఆమె బయటికి తీశారు. అందరూ 11 ఏళ్లు, అంతకన్నా చిన్నవాళ్లు. అదే కాలంలో అదే ఆస్పత్రుల్లో పుట్టినవాళ్లను, అవే స్కూళ్లలో చదివినవాళ్లను వెతికి, 667 మందితో పోల్చారు. 1989లో వచ్చిన ఫలితం ఇది: మైనర్లుగా ఉండగా అరెస్టయినవాళ్లు హింసకు, నిర్లక్ష్యానికి గురైన గుంపులో 26 శాతం, మామూలు గుంపులో 17 శాతం. తేడా నిజమే, చిన్నదీ కాదు. అయినా నూటికి 74 మంది ఆ వయసులో అరెస్టు కాలేదు.

అందులో నన్ను ఎక్కువగా కదిలించింది ఇంకో విషయం. పెద్దయ్యాక జరిగినవి కూడా కలిపి చూస్తే, హింసాత్మక నేరాల్లో అరెస్టయినవాళ్లు దెబ్బలు తిన్న పిల్లల్లో 15.8 శాతం. పట్టించుకునే దిక్కులేక పెరిగిన పిల్లల్లో 12.5 శాతం. మామూలు గుంపులో 7.9 శాతమే. ఎవరూ చెయ్యి చేసుకోకపోయినా, తిన్నావా అని అడిగేవాళ్లు లేకపోవడం కూడా అంత పని చేస్తుంది. వాతలు కనిపించవు కాబట్టి దీన్ని మనం త్వరగా పట్టుకోలేం.

ఇంట్లో జరిగింది వీధిలోకి ఎలా వస్తుంది? సేత్ పొలాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ఒక ప్రయోగంలో పిల్లలకు మసకమసకగా ఉన్న ముఖాన్ని చూపించి, కొంచెం కొంచెంగా స్పష్టం చేస్తూ పోయారు. ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లలు కోపాన్ని మిగతా పిల్లల కంటే ముందే, ముఖం ఇంకా మసగ్గా ఉండగానే గుర్తుపట్టారు. ఆ ఇంట్లో అది ప్రాణాలు కాపాడే తెలివి. అదే పిల్లవాడు క్లాసులో టీచర్ నుదురు ముడిపడగానే దెబ్బ పడబోతోందని ఉలిక్కిపడి ఎదురుతిరిగితే, చూసేవాళ్లకు కనిపించేది పొగరు. సస్పెండ్ చేస్తారు, ఫైల్ తెరుస్తారు.

కాపాడాల్సిన వ్యవస్థ కూడా ఒక్కోసారి ఇలాగే చేస్తుంది. సొంత ఇంట్లో పిల్లవాడు కోపంలో కప్పు విసిరితే నాలుగు తిట్లతో పోతుంది. అదే పని ప్రభుత్వ సంరక్షణ గృహంలో చేస్తే పోలీసులకు ఫోన్ వెళ్తుంది. ఇంగ్లండ్‌లో లార్డ్ లేమింగ్ 2016లో ఇచ్చిన నివేదిక ఈ మాటే గట్టిగా చెప్పింది. అక్కడి బాల ఖైదీల్లో దాదాపు సగం మంది ఎప్పుడో ఒకప్పుడు సంరక్షణలో గడిపినవాళ్లే. అదే నివేదిక ప్రకారం సంరక్షణలో ఉన్న పిల్లల్లో 94 శాతం ఏ నేరం జోలికీ పోలేదు. ఇక్కడా అవే రెండు లెక్కలు!

మరి ముందే అడ్డుకోవచ్చా? న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో 1970ల చివర డేవిడ్ ఓల్డ్స్ బృందం 400 మంది గర్భిణులతో ఒక ప్రయత్నం మొదలుపెట్టింది. వాళ్లలో కొందరి ఇళ్లకు బిడ్డ పుట్టకముందు నుంచి రెండేళ్లు నిండేదాకా ఒక నర్సు వెళ్లేది. తల్లి పక్కన కూర్చుని, బిడ్డ ఏడిస్తే ఏం చెయ్యాలో, తన చదువు, ఉద్యోగం సంగతేమిటో మాట్లాడేది. పిల్లలకు 15 ఏళ్లు వచ్చాక చూస్తే, పెళ్లికాని పేద తల్లుల పిల్లల్లో అరెస్టులు నర్సు రాని ఇళ్లతో పోలిస్తే సగం కన్నా తక్కువ. 19 ఏళ్ల వయసులో మళ్లీ చూస్తే ఆ మేలు ప్రధానంగా ఆడపిల్లల్లోనే నిలిచింది. మగపిల్లలకు ఆ రెండేళ్ల తోడు సరిపోలేదు.