మాధవాయపాలెం పేరుతో ఇంగ్లండు గుడ్డ

చెన్నైలో స్థిరపడిన తెలుగువాళ్లం చింతాద్రిపేట మీదుగా ఎన్నోసార్లు వెళ్తుంటాం గాని, ఆ పేరులో మగ్గం ఉందని గమనించేవాళ్లం తక్కువ. తమిళంలో తరి అంటే మగ్గం. చిన్న తరిపేట వాడుకలో చింతాద్రిపేట అయింది. 1734లో గవర్నర్ జార్జ్ మార్టన్ పిట్ హయాంలో ఈస్టిండియా కంపెనీ వడికేవాళ్లను, నేసేవాళ్లను, అద్దకం పనివాళ్లను రప్పించి, సుంకు రామచెట్టి తోట ఉన్న చోట ఈ పేట కట్టించింది. ఉత్తరాన ఉన్న వన్నారపేట, ఓడకెక్కే ముందు బట్టను ఉతికి చలువ చేసేవాళ్ల పేట. 1639లో ఇంగ్లీషువాళ్లు ఈ తీరాన్ని ఎంచుకున్నదే ఇక్కడ బట్ట చౌకగా దొరుకుతుందని. ఇవాళ చేనేత సంక్షోభం మాట వచ్చినప్పుడల్లా యంత్రం గెలిచింది, మగ్గం ఓడింది అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటాం. జరిగింది అంత సూటిగా లేదు.

కోరమండల్ (మన తూర్పు తీరం) అద్దకపు బట్టలకు బ్రిటన్‌లో గిరాకీ ఎంతగా పెరిగిందంటే, అక్కడి ఉన్ని, పట్టు పనివారు గగ్గోలు పెట్టగా పార్లమెంటు 1700లో వాటి దిగుమతిని అడ్డుకుని, 1721లో ఏకంగా అద్దకపు నూలుబట్టలు కట్టుకోవడాన్నే చాలామటుకు నిషేధించింది. ఆ నిషేధం చాటున అక్కడి నూలు పరిశ్రమ వేళ్లూనుకుంది. నూలు వడికే యంత్రాలు వరసగా వచ్చాయి: 1764లో హార్‌గ్రీవ్స్ జెన్నీ, 1769లో నీటి బలంతో తిరిగే ఆర్క్‌రైట్ యంత్రం, 1779లో క్రాంప్టన్ మ్యూల్. యంత్రం మీద మదుపు పెట్టినవాడికి అది ఆగితే నష్టం. ఆగకుండా తిరగాలంటే తమ పొలాల్లో పండని పత్తి కావాలి, తమ జనం కట్టుకోగా మిగిలిన గుడ్డను కొనేవాళ్లు కావాలి. ఈ రెండింటినీ బేరంతో కాక అధికారంతో సంపాదించుకోవడంలోనే పారిశ్రామిక యుగపు సామ్రాజ్యవాదం ఉందని నా అభిప్రాయం. 1813లో పార్లమెంటు కంపెనీ గుత్తాధిపత్యాన్ని తీసేసి భారత వ్యాపారాన్ని అందరికీ తెరిచింది. మన బట్ట అక్కడ భారీ సుంకం కట్టాలి. వాళ్ల బట్ట ఇక్కడ నామమాత్రపు సుంకంతో దిగేది. 1814లో పది లక్షల గజాల లోపున్న బ్రిటిష్ నూలుబట్ట దిగుమతి 1835 నాటికి ఐదు కోట్ల గజాలు దాటింది.

ఈ తలకిందుల వ్యవహారానికి మన గోదావరి తీరమే సాక్ష్యం. నరసాపురం దగ్గరి మాధవాయపాలెంలో కంపెనీకి వర్తక స్థావరం ఉండేది. అక్కడి సన్నని తెల్లగుడ్డ ఇంగ్లీషువాళ్ల నోట మడపోలం అయింది. 1830ల్లో స్థావరం ఎత్తేశారు, పేరు మిగిలింది. ఆ శతాబ్దం చివరికి మడపోలం అంటే ఇంగ్లండు మిల్లుల్లో నేసి మన దేశానికి అమ్మకానికి పంపే గుడ్డ.

అయితే ముందుగా మూలపడింది మగ్గం కాదు, రాట్నం. ఒక్క మగ్గానికి సరిపడా నూలు అందించడానికి ఎందరో ఆడవాళ్లు ఇంటిపట్టున వడికేవారు. పొలంపని లేని రోజుల్లో, దిక్కులేని వితంతువులకైతే ఏడాది పొడవునా, ఆ నాలుగు కాసులే ఆధారం. మిల్లు నూలు చౌకగా, ఒకే సన్నంతో రావడంతో నేతగాడు దానికి అలవాటుపడి ఎలాగో మగ్గాన్ని నిలుపుకున్నాడు. వడికే ఆడవాళ్లకు ఆ దారి లేకపోయింది. వాళ్ల తరఫున అర్జీ రాసిపెట్టే దుబాసీ (ఇంగ్లీషువాళ్లకూ మనవాళ్లకూ మధ్యవర్తి) ఒక్కడూ లేడు. చరిత్రలో వాళ్ల ప్రస్తావన ఇంత తక్కువగా ఉండటం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు దక్షిణాదిలో తొలి ప్రయాణికుల రైలు నడిచింది. ఆ స్టేషను సముద్రానికి కూతవేటు దూరంలో ఉంది. పత్తీ ధాన్యమూ రేవు చేరాలి, గుడ్డ లోపలి ఊళ్లకు పోవాలి. 1876లో రాయలసీమవాళ్లు ధాత కరువని చెప్పుకునే కరువు వచ్చినప్పుడు, రైలు ఉన్నా, ధర పలికే చోటికే ధాన్యం పోయింది. వ్యాపారంలో ప్రభుత్వం జోక్యం చేసుకోరాదన్నది వైస్రాయి లిట్టన్ విధానం. సహాయ పనుల్లో రోజంతా మట్టి మోసిన మగవాడికి 450 గ్రాముల ధాన్యం, ఒక అణా చాలని, కరువు పరిస్థితి చూడటానికి ప్రభుత్వం పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. ఆ రెండేళ్లలో యాభై లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా. కూవం, అడయారు నదులను కలిపే బకింగ్‌హామ్ కాలువ భాగం ఆ కరువు కూలీలు తవ్విందే. ఇప్పుడు ఆ కాలువలోనే ఎమ్మార్టీఎస్ (నగరంలో వంతెన మీద నడిచే రైలు) స్తంభాలు నిలబడి ఉన్నాయి. కిటికీ పక్కన కూర్చుంటే కింద నల్లటి నీళ్లు కనిపిస్తాయి.

మనుషులు కూడా ఈ రేవు నుంచే తరలిపోయారు. 1860 అక్టోబరులో ట్రూరో ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాలు చెరకు తోటలకు ఒప్పంద కూలీలను తీసుకెళ్లింది.

మన దేశంలో మిల్లులు లేచాక కూడా, ఇంగ్లండు నూలు మిల్లుల సీమ లాంకషైర్ పట్టు సడలలేదు. అక్కడి గుడ్డపై 3.5 శాతం దిగుమతి సుంకం ఉంది కాబట్టి, 1896లో మన మిల్లుబట్టపైనా 3.5 శాతం ఎక్సైజు వేశారు. అది 1925 దాకా తొలగలేదు.

రాట్నంతో పాటు పోయిన, నూలు మీది స్వాధీనం మాత్రం నేతగాడికి తిరిగి రాలేదు. చీరాల, మంగళగిరి మగ్గాలకు చిలప నూలు (చుట్టలుగా కట్టిన నూలు) మిల్లుల నుంచే రావాలి. మిల్లులు కొంత నూలును చిలపలుగా కట్టి తీరాలన్న నిబంధన ఉన్నా, దాని ధర నేతగాడి చేతిలో లేదు. చీరకింత అని షావుకారుతో ముందే ఒప్పుకుని ఉంటాడు. పడుగు (మగ్గం మీది నిలువు పోగులు) సిద్ధం చేసుకునేలోగా నూలు ధర పెరిగితే ఆ తేడా అతని కూలిలోంచే పోతుంది.