బరువు తగ్గే ఆపరేషన్‌కి ముందు ఎండోస్కోపీ: అపోహలు, వాస్తవాలు

బరువు తగ్గడానికి పొట్టకి చేసే స్లీవో బైపాసో చేయించుకుందామని సర్జన్ దగ్గర నిర్ణయం అయిపోయాక, రక్త పరీక్షలకీ, గుండె పరీక్షకీ, స్కానింగ్‌కీ మారు మాట్లాడకుండా వెళ్ళొచ్చినవాళ్ళు కూడా చీటీలో ఎండోస్కోపీ (నోట్లోంచి కెమెరా ఉన్న సన్నటి పైపు వేసి అన్నవాహిక, పొట్ట చూడటం) అని కనపడగానే ఆగిపోతారు. ఎండోస్కోపీ గదికి వచ్చేలోపు చుట్టాలు, యూట్యూబ్ కలిసి కావలసినంత భయం పెట్టేస్తారు. రోజూ ఈ పైపు వేసే డాక్టర్‌గా నేను ఎక్కువగా వినే మాటలు ఇవి.

అపోహ: "నాకు గ్యాస్ లేదు, మంట లేదు. నాకెందుకు ఈ పరీక్ష?"

ఇది సబబైన ప్రశ్నే. కొన్ని దేశాల్లో లక్షణాలు ఉన్నవాళ్ళకే చేస్తారు. కానీ బేరియాట్రిక్ (బరువు తగ్గే ఆపరేషన్లు చేసే) సర్జన్ల అంతర్జాతీయ సమాఖ్య ఇఫ్సో 2020లో, లక్షణాలు లేనివాళ్ళకి కూడా ఈ పరీక్ష గురించి ఆలోచించమని చెప్పింది, ఎందుకంటే సుమారు నలుగురిలో ఒకరికి ఊహించనిదేదో ఒకటి బయటపడుతోంది. నా ఓటు కూడా అందరికీ చేయడానికే. మన దగ్గర ఇంకో కారణం ఉంది: మెడికల్ షాపులో అడిగి కొనుక్కున్న గ్యాస్ మాత్రని ఏళ్ళ తరబడి పొద్దున్నే వేసుకుంటూ "నాకు ఏ ఇబ్బందీ లేదండీ" అనేవాళ్ళు చాలామంది. ఇబ్బంది లేక కాదు, మాత్ర దాన్ని కప్పేస్తోంది.

అసలు సంగతి ఏంటంటే, ఏ ఆపరేషన్ చేయాలన్నది కొన్నిసార్లు ఈ పరీక్షతోనే మారిపోతుంది. స్లీవ్‌లో పొట్టలో దాదాపు 75 నుంచి 80 శాతం తీసేసి సన్నటి గొట్టంలా మిగులుస్తారు, అందులో ఒత్తిడి పెరిగి యాసిడ్ పైకి ఎగదన్నడం కొందరిలో ఎక్కువవుతుంది. కాబట్టి అన్నవాహికలో అప్పటికే తీవ్రమైన పుండ్లు ఉన్నా, దాని లోపలి పొరలో బారెట్స్ అనే మార్పు కనపడినా, సాధారణంగా స్లీవ్ పక్కన పెట్టి బైపాస్ వైపు మొగ్గుతారు. హయాటస్ హెర్నియా, అంటే పొట్ట పైభాగం ఛాతీలోకి జారడం, ముందే తెలిస్తే అదే ఆపరేషన్‌లో సరిచేయొచ్చు. ఇక బైపాస్ అయితే, పొట్టలో పెద్ద భాగం లోపలే ఉంటుంది కానీ దాన్ని అన్నం వెళ్ళే దారి నుంచి వేరు చేసేస్తారు, ఆ తర్వాత మామూలు స్కోప్, అంటే ఈ పైపు, అక్కడికి చేరదు. దారి ఉన్నప్పుడే చూసుకోవాలి.

ఎప్పుడూ మందు ముట్టనివాళ్ళకి కూడా ఫ్యాటీ లివర్ ముదిరి సిర్రోసిస్ అయి, అంటే కాలేయం గట్టిపడిపోయి, అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలు కనపడటం ఉంది. అలాంటప్పుడు ఆపరేషన్ ప్లాన్ మొత్తం మళ్ళీ మొదటి నుంచి ఆలోచించాలి.

అపోహ: "పైపు లోపల ఉంటే ఊపిరాడదు."

గాలి గొట్టం వేరు, అన్నవాహిక వేరు. స్కోప్ వెళ్ళేది అన్నవాహికలోకి. మందం 9, 10 మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలికంటే సన్నం. ఎడమ వైపుకి తిప్పి పడుకోబెడతాం, గొంతులో తిమ్మిరి స్ప్రే కొడతాం, పళ్ళ మధ్య ప్లాస్టిక్ గార్డు పెడతాం. గొంతు దాటేటప్పుడు ఆ కొన్ని సెకన్లు వాంతి వచ్చినట్టు అనిపిస్తుంది, అది నిజమే, దాచడం ఎందుకు. లాలాజలం మింగకుండా పక్కకి కారనిస్తూ ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీసుకుంటే చాలు. పరీక్ష 5 నుంచి 10 నిమిషాల్లో అయిపోతుంది.

అపోహ: "పూర్తిగా మత్తు ఇచ్చేయండి, ఏమీ తెలియకూడదు. మత్తుదేముంది?"

నన్నడిగితే భయపడాల్సింది పైపుకి కాదు, చెప్పకుండా దాచిన గురకకి. బరువు ఎక్కువున్నవాళ్ళలో నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, అదే స్లీప్ అప్నియా, చాలా మామూలు విషయం, చాలామందికి ఉన్నట్టు కూడా తెలియదు. మత్తులో గొంతు కండరాలు ఇంకా వదులైపోతాయి, ఆక్సిజన్ పడిపోతుంది. అందుకే "గురక పెడతారా, రాత్రి ఉక్కిరిబిక్కిరై లేస్తారా, పగలు కూర్చున్న చోటే కునుకు పడుతుందా" అని అడిగినప్పుడు పక్కన ఉన్న భార్యనో భర్తనో జవాబు చెప్పనివ్వండి, వాళ్ళకే బాగా తెలుసు. దానికోసం రాత్రి మాస్కుతో గాలి పంపే సీప్యాప్ మిషన్ వాడుతుంటే వెంట తెచ్చుకోండి. అప్నియా ఉంటే మత్తు ఇవ్వరని కాదు, మత్తు డాక్టర్ పక్కనే ఉండి, ఆక్సిజన్ పెట్టి, మోతాదు చూసి ఇస్తారు. స్ప్రేతోనే చేయించుకుని అరగంటలో లేచి వెళ్ళిపోయేవాళ్ళూ ఉన్నారు. అది మీరూ డాక్టరూ కలిసి తేల్చుకోవాల్సిన విషయం.

అపోహ: "ఉపవాసమేగా, ఏకాదశికి ఉంటాం కదా. పొద్దున కాస్త టీ తాగితే ఏమవుతుంది?"

ఏకాదశి ఉపవాసంలో పాలూ పళ్ళూ చెల్లుతాయేమో, ఇక్కడ చెల్లవు. పాలు కలిపిన టీ అన్నం కిందే లెక్క. తేలికపాటి తిండి అయితే కనీసం 6 గంటలు, ముందు రోజు రాత్రి బిర్యానీ తిన్నారంటే 8 గంటలు లేదా ఇంకా ఎక్కువే. మామూలు నీళ్ళు 2 గంటల ముందు వరకు ఫర్వాలేదు, మీ ఆసుపత్రి ఇంకా ఎక్కువ చెప్తే వాళ్ళ మాటే వినండి. బీపీ మాత్ర సాధారణంగా రెండు గుక్కల నీళ్ళతో వేసుకోమంటాం. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ ఎంత తగ్గించాలో, ఏది మానాలో ముందే అడగండి. ఎకోస్ప్రిన్ లాంటి రక్తం పల్చబడే మందుల్ని మీ అంతట మీరు ఆపకండి, ఈ పరీక్షకి చాలాసార్లు వాటిని ఆపాల్సిన పనే ఉండదు.

ఈ మధ్య దీనికి కొత్త చిక్కు తోడైంది, వారానికోసారి వేసుకునే బరువు తగ్గే ఇంజెక్షన్లు. మన దేశంలోకి మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ జూన్‌లో వచ్చాయి. ఇవి పొట్ట ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తాయి, కాబట్టి రాత్రి తిన్నది పొద్దున స్కోప్ వేసేసరికి ఇంకా పొట్టలోనే ఉండొచ్చు, మత్తులో అది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. 2023లో అమెరికా మత్తు డాక్టర్ల సంఘం వారం ముందే ఆపమంది, 2024 వచ్చేసరికి చాలామంది కొనసాగించొచ్చు, అవసరమైనవాళ్ళు ముందు రోజంతా ద్రవాహారం మీద ఉంటే సరిపోతుంది అని మార్చారు. మోతాదు ఈమధ్యే పెంచినా, వాంతులూ కడుపుబ్బరం ఉన్నా ఎక్కువ జాగ్రత్త కావాలి. "ఇంజెక్షన్ వాడానంటే ఆపరేషన్ వద్దంటారేమో" అని దాచేవాళ్ళున్నారు. దయచేసి చెప్పండి.

అపోహ: "పాన్ అనే గ్యాస్ మాత్ర వేసుకుని వస్తే పొట్ట శుభ్రంగా కనపడుతుంది."

శుభ్రంగా కనపడటమే సమస్య. ఆ మాత్ర వాడుతుంటే, పొట్టలో పుండ్లు తెచ్చే హెచ్ పైలోరీ బ్యాక్టీరియా ఉన్నా పరీక్షలో దొరకకపోవచ్చు. అందుకే 2 వారాల ముందు ఆపమంటాం, యాంటీబయాటిక్స్ అయితే 4 వారాలు. ఇదివరకు అల్సర్ నుంచి రక్తం పోయినవాళ్ళు మాత్రం అడగకుండా ఆపకూడదు.

అపోహ: "ముక్క తీశారంటే క్యాన్సర్ అనుమానమే."

కాదు. హెచ్ పైలోరీ కోసం మామూలుగానే బియ్యపు గింజకంటే చిన్న ముక్కలు తీస్తాం. నొప్పి తెలియదు.

అపోహ: "హెచ్ పైలోరీ వస్తే ఆపరేషన్ క్యాన్సిల్."

మన దేశంలో ఇది సగానికి పైగా పెద్దవాళ్ళలో ఉంటుంది. సాధారణంగా 14 రోజుల కోర్సు, అది పూర్తయ్యాక కనీసం 4 వారాలు ఆగి, ఊపిరి పరీక్షతోనో మల పరీక్షతోనో పోయిందో లేదో చూస్తాం. తేదీ కాస్త వెనక్కి జరుగుతుంది, అంతే. కోర్సు మధ్యలో నోరు చేదుగా ఉందని ఆపేస్తే మాత్రం మళ్ళీ మొదటికే. (ఈ బ్యాక్టీరియా పొట్టలో జబ్బు చేస్తుందని ఎవరూ నమ్మకపోతే, 1984లో బ్యారీ మార్షల్ తనే దాన్ని తాగి, తనకే ఎండోస్కోపీ చేయించుకుని చూపించాడు. 2005లో రాబిన్ వారెన్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు. మీకు అంత కష్టం లేదు.)

అపోహ: "కెమెరా ఉన్న క్యాప్సూల్ మింగితే సరిపోతుంది కదా?"

అది ముఖ్యంగా చిన్నపేగు కోసం. అన్నవాహికని క్షణాల్లో దాటేస్తుంది, ముక్క తీయలేదు.

పరీక్ష అయ్యాక గొంతు ఒకరోజు గరగరలాడొచ్చు, కడుపు కాసేపు ఉబ్బరంగా ఉంటుంది. మత్తు తీసుకుంటే ఆ రోజంతా బండి నడపకూడదు, ముఖ్యమైన కాగితాల మీద సంతకాలూ వద్దు, వెంట ఒకరు ఉండాలి. ఛాతీలోనో కడుపులోనో తగ్గని నొప్పి, జ్వరం, రక్తపు వాంతి, నల్లటి విరేచనం, వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి రావాలి. ఇలా జరగడం చాలా అరుదు.

అపోహ: "ఒకసారి నార్మల్ వస్తే ఇక జన్మలో అక్కర్లేదు."

స్లీవ్ గానీ, బైపాస్‌లోనే ఒక రకమైన మినీ బైపాస్ గానీ చేయించుకున్నవాళ్ళకి ఆపరేషన్ అయి ఏడాది నిండాక ఒకసారి, ఆ తర్వాత 2, 3 ఏళ్ళకోసారి మళ్ళీ చేయించుకోమని ఇఫ్సో సలహా. మంట లేకపోయినా సరే. కాబట్టి ఇప్పటి రిపోర్టు, ఫోటోలు, బయాప్సీ (తీసిన ముక్క పరీక్ష) కాగితం పారేయకండి, రేపు పోల్చి చూడటానికి అవే ఆధారం.