తూటా దొరికినా తుపాకి జాడ దొరకదెందుకు?

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషన్‌పై దాడి చేసి, పట్టుకెళ్లిన ఆయుధాల వివరం స్టేషన్ రికార్డులోనే రాసి సంతకం పెట్టి మరీ వెళ్లాడు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఏ తుపాకి ఎవరు తీసుకెళ్లారో పోలీసులు వెతుక్కోనక్కర్లేని సందర్భం మన్యం చరిత్రలో బహుశా అదొక్కటే!

ఆ దశాబ్దంలోనే అమెరికాలో కాల్విన్ గొడ్డార్డ్ అనే తుపాకుల నిపుణుడు తూటాలను మైక్రోస్కోపు కింద పక్కపక్కన పెట్టి పోల్చడం మొదలుపెట్టాడు. 1929లో షికాగోలో ఏడుగురిని కాల్చి చంపినవాళ్లలో కొందరు పోలీసు దుస్తుల్లో వచ్చారు. దాంతో అనుమానం పోలీసుల మీదికే మళ్లింది. గొడ్డార్డ్ ముందు పోలీసుల తుపాకులనే పేల్చి చూసి, అవి కావని తేల్చాడు. అసలు తుపాకులు ఆ ఏడాది చివర్లో ఒక ముఠా సభ్యుడి ఇంట్లో బయటపడ్డాయి. మన దేశంలో 1930లో కలకత్తా పోలీసులు తుపాకులను, తూటాలను పరీక్షించే చిన్న బాలిస్టిక్ ల్యాబ్ పెట్టారు.

ఈ విద్యంతా రెండు గుర్తుల మీద నడుస్తుంది: గొట్టం లోపలి మెలికల గాడులు తూటా మీద గీసే గీతలు, ఫైరింగ్ పిన్ (ట్రిగ్గర్ నొక్కితే ముందుకు దూకే సూది) కాట్రిడ్జ్ (మందు, తూటా ఇమిడి ఉండే లోహపు తొడుగు) అడుగున కొట్టే దెబ్బ. విశాఖ ఏజెన్సీలో వేటకు వాడే నాటు తుపాకికి ఈ రెండూ ఉండవు. నున్నటి గొట్టంలో మందు, ఇనప గుళ్లు కూరి పేలుస్తారు. గుళ్ల మీద గాడుల గీతలు పడవు, కింద రాలిపడే కాట్రిడ్జూ ఉండదు. అక్కడ ల్యాబ్‌కంటే ఊళ్లో మనిషి చెప్పే మాటే పోలీసులకు పనికొస్తుంది.

నగరంలో పిస్టల్ దొరికితే పరిస్థితి వేరు. పంచనామా, సీలు, కోర్టు ద్వారా ల్యాబ్‌కు లేఖ, కేసు నడపడానికి ఆయుధ చట్టం సెక్షన్ 39 కింద జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి. ల్యాబ్‌ను సాధారణంగా అడిగేవి రెండే: ఇది పేలుతుందా, ఈ తూటా దీనిదేనా? కేసు నిలబడడానికి అవి చాలు. తుపాకి నేరాలు తగ్గాలంటే మాత్రం ఇంకో ప్రశ్న కావాలి: ఇదే తుపాకి ఇంకెక్కడ పేలింది, ఎవరు అమ్మారు?

అమెరికా ఇందుకోసం 1990ల్లోనే వేర్వేరు కేసుల తూటాల, కాట్రిడ్జ్‌ల గుర్తులను పోల్చే కంప్యూటర్ నెట్‌వర్క్ పెట్టింది. 2013లో దాన్ని మదింపు చేస్తే, సగం కేసుల్లో పోలిక తేలేసరికి నూరు రోజులు దాటిందట. అప్పటికి దర్యాప్తు ఎటో వెళ్లిపోయి ఉంటుంది. కాబట్టి ప్రెస్‌మీట్ బల్ల మీద పరిచిన పిస్టళ్ల లెక్క కన్నా, రిపోర్టు ఎన్ని రోజుల్లో వచ్చింది, ఎన్ని కేసులు కలిశాయి అన్నదే అసలు కొలత అంటాను.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలికి వెళ్లాలంటోంది. అయిదేళ్లలోగా దీన్ని అమలు చేసే బాధ్యత రాష్ట్రాలది. సేకరించిన కాట్రిడ్జ్‌ను పక్క జిల్లా కేసుతో పోల్చమని మాత్రం అందులో లేదు.