రోడ్డుకు దస్తావేజు లేని కాలనీలు

హైదరాబాద్ శివారు కాలనీల్లో రోడ్ల గొడవ మళ్లీ రాజుకుంది. ఏళ్ల తరబడి జనం నడుస్తున్న దారిలో ఎవరో కడీలు పాతి జాలీ కడతారు. చెరువులు, రోడ్లు, పార్కుల కబ్జాలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రాకు కాలనీవాళ్లు ఫిర్యాదు చేస్తారు. జేసీబీ వస్తుంది. ఆ వెనకే కోర్టు నుంచి ఇంజంక్షన్ ఆర్డరూ వస్తుంది. సోమవారాల్లో బుద్ధభవన్‌లో జరిగే హైడ్రా ప్రజావాణికి చెరువుల ఫిర్యాదులతో పాటు రోడ్లు, పార్కుల కబ్జాల ఫిర్యాదులూ వస్తూనే ఉన్నాయి. 2024 జులైలో హైడ్రా ఏర్పడటం, ఆ తర్వాతి కూల్చివేతలు అందరికీ తెలిసిందే కాబట్టి మళ్లీ చెప్పక్కర్లేదు. ఈ తగాదా మూలం అంతకన్నా చాలా లోతున ఉంది.

నగరం నడిబొడ్డున ఇరుగుపొరుగు తగువులు వేరే రకం. ఇంటి ర్యాంపును రోడ్డు మీదికి దించడం, మొక్కల పేరుతో గేటు బయట మూడడుగులు కంచె వేయడం లాంటివి. అక్కడ రోడ్డు కార్పొరేషన్‌ది. అడ్డంగా ఉన్నదాన్ని నోటీసు లేకుండానే తీసేసే అధికారం 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టంలోనే ఉంది. అమలు చేయరన్నది వేరే బాధ. శివార్లలో అసలు రోడ్డు ఎవరిదన్నదే తేలలేదు.

అప్పటి నగరాభివృద్ధి సంస్థ హుడా అనుమతి ఉన్న లేఅవుట్లలో రోడ్లను, పార్కు స్థలాన్ని స్థానిక సంస్థకు గిఫ్టు డీడ్ రాసి రిజిస్టర్ చేసేవారు. బోడుప్పల్, నిజాంపేట, బడంగ్‌పేట లాంటి ఊళ్లు ఇంకా పంచాయతీలుగా ఉన్న కాలంలో వేసిన లేఅవుట్లలో చాలావాటికి ఆ డీడ్ లేదు. రైతు దగ్గర ఎకరాల్లో తీసుకుని, సున్నంతో గీతలు గీసి, గజాల్లో అమ్మారు. అప్పట్లో ప్లాటు కొన్నవాళ్ల దగ్గర ఇప్పటికీ మడతల దగ్గర చిరిగిపోయిన బ్లూప్రింట్ ఒకటుంటుంది, దాని మూల సర్పంచ్ ముద్ర. దాంతోపాటు సేల్ డీడ్. అందులో హద్దులు చూడండి: తూర్పు ప్లాటు నంబరు ఫలానా, పడమర ప్లాటు నంబరు ఫలానా, ఉత్తరం 30 అడుగుల రోడ్డు. ఆ రోడ్డు ఉందనడానికి ఉన్న ఆధారమల్లా ఈ ఒక్క ముక్క. ప్రతి ఇంటికీ దస్తావేజు ఉంది, రోడ్డుకు లేదు. రెవెన్యూ భూరికార్డు అయిన పహాణీలో ఆ భూమి మొత్తం, రోడ్లతో సహా, పాత పట్టాదారు పేరు మీదే మిగిలిపోయింది.

దీన్ని సరిచేసే అవకాశం ప్రభుత్వానికి నాలుగుసార్లు దొరికింది. 2007 ఏప్రిల్‌లో 12 మున్సిపాలిటీలను, 8 పంచాయతీలను కలిపి జీహెచ్ఎంసీ చేసినప్పుడు ఒకసారి. 2008లో అనుమతి లేని లేఅవుట్లను సక్రమం చేసే పథకం ఎల్‌ఆర్‌ఎస్ తెచ్చినప్పుడు, 2015లో మళ్లీ తెచ్చినప్పుడు ఇంకో రెండుసార్లు. 2020లోనూ అదే స్కీము వచ్చింది. రాష్ట్రవ్యాప్తంగా 25 లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. ఖాళీ స్థలం వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం చొప్పున రుసుము కూడా పెట్టారు. కానీ క్రమబద్ధీకరణ ఎక్కువగా ప్లాటు ప్లాటుకూ జరిగింది. డబ్బు కట్టినవారి గజాలు సక్రమమయ్యాయి, వాటి ముందున్న రోడ్డు ఎవరి పేరునా రాలేదు.

మలుపు తిప్పింది మాత్రం 2017 తర్వాతి పరిణామాలే. ఆ ఏడాది చేపట్టిన భూరికార్డుల ప్రక్షాళనలో, ఇళ్లు లేచిపోయిన సర్వే నంబర్లు కూడా చాలాచోట్ల వ్యవసాయ భూమిగానే కొనసాగాయి. కొత్త పాసుబుక్కులు వచ్చాయి. రికార్డులోంచి, నేల ఎవరి స్వాధీనంలో ఉందో చెప్పే అనుభవదారు కాలమ్ పోయింది. 2020 నవంబరు నుంచి ప్రభుత్వ భూరికార్డుల పోర్టల్ ధరణిలో స్లాట్ బుక్ చేసుకుంటే తహసీల్దారు ఆఫీసులోనే రిజిస్ట్రేషన్, అదే రోజు మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు, జరిగిపోయేవి. నేల మీద ఏముందో వెళ్లి చూసే పని ఉండేది కాదు. పట్టాదారు వారసులు కొన్నిచోట్ల ‘మిగులు భూమి’ని గుంటల లెక్కన మళ్లీ అమ్మేశారు. లెక్క వేసి చూడండి. 30 అడుగుల వెడల్పు, 121 గజాల పొడవు ఉన్న ఒక్క వీధి 1,210 చదరపు గజాలు, అంటే సరిగ్గా 10 గుంటలు. కాగితం మీద అది పావెకరం పొలం.

కొత్తగా కొన్నవారు తమకూ పాసుబుక్ ఉందని, స్టాంపు డ్యూటీ కట్టామని అంటారు. నిజమే. వాళ్లలో మోసపోయినవాళ్లూ ఉన్నారు. కానీ రోడ్డు చూపించి ప్లాట్లు అమ్మి డబ్బు తీసుకున్నాక, అదే రోడ్డును రెండోసారి అమ్మే హక్కు ఎక్కడిది? లేఅవుట్‌లో పార్కుకో స్కూలుకో చూపించిన స్థలానికి యజమాని ధర్మకర్తలాంటివాడే తప్ప, దాన్ని ఇష్టమొచ్చినట్టు వాడుకోలేడని ఢిల్లీ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు 1990ల్లోనే చెప్పింది. రోడ్డుకైనా న్యాయం అదే. ఈలోగా పాత కాలనీవాళ్లు మూడు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. పోలీసులు సివిల్ మ్యాటర్ అంటారు, మున్సిపల్ వాళ్లు అప్రూవ్డ్ లేఅవుట్ కాదంటారు, రెవెన్యూవాళ్లు పట్టా భూమి అంటారు. అంబులెన్స్ సందు మొదట్లోనే ఆగిపోతే పేషెంటును కుర్చీలో మోసుకెళ్లాల్సిన మనుషులకు ఈ జవాబుల్లో ఏ ఒక్కటీ పనికిరాదు.

దారి మూసేసే గేటెడ్ కమ్యూనిటీల ప్రహరీల తగువు దీని పక్కనే నడుస్తోంది. భద్రత కోసమే గోడ అని వాళ్ల వాదన. కానీ పెద్ద గ్రూప్ హౌసింగ్ స్థలాల్లో వెనకున్న భూములకు దారి కోసం అంచున 9 మీటర్ల ప్రజా రహదారి వదలాలని బిల్డింగ్ రూల్సే చెబుతున్నాయి.

2025 చివర్లో చుట్టుపక్కల 27 పురపాలికలు జీహెచ్ఎంసీలో కలిశాయి. అంటే ఇలాంటి లేఅవుట్లు ఇంకెన్నో దాని నెత్తిన పడ్డాయి. ఆ రోడ్లను ఇప్పుడైనా గిఫ్టు డీడ్ కింద తీసుకోవాలంటే రికార్డులో పేరున్నవారు సంతకం పెట్టాలి. చాలాచోట్ల పాత పట్టాదారు చనిపోయాడు. ఆ సంతకం పెట్టాల్సింది అతని వారసులు, లేదా వాళ్ల దగ్గర గుంటల్లో కొని జాలీ కట్టినవాళ్లు.