బీచ్‌లో దొరికిన కొయ్య అక్వేరియంలోకి: అపోహలు - వాస్తవాలు

విశాఖలో ఇళ్లకు వెళ్లి అక్వేరియంలు సెట్ చేయడం నా పని. వాయుగుండం దాటిన మర్నాటి నుంచి ఫోన్‌కి ఫొటోలు వస్తుంటాయి: "బీచ్‌లో భలే కొయ్య దొరికిందండీ, ట్యాంకులో పెట్టేయొచ్చా?"

అపోహ: సముద్రం ఎలాగూ కడిగేసింది, పంపు కింద ఓసారి తిప్పితే చాలు.

వాస్తవం: సముద్రం కొయ్యకు ఉప్పు పట్టిస్తుంది. భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసేచోట ఒడ్డున పడే కొయ్యను చేతిలోకి తీసుకుని చూడండి. పైకి నున్నగానే ఉంటుంది, పురుగు తొలిచిన కన్నాల్లో మాత్రం ఇసుక కూరుకుని ఉంటుంది. లోపలి ఉప్పు ట్యాంకులోకి రోజూ కొంచెం కొంచెం దిగుతుంది. డ్రమ్ములో పూర్తిగా మునిగేలా నానబెట్టి, రెండు రోజులకోసారి నీళ్లు పారబోయండి. ఒక్కోసారి వారాలు పడుతుంది. నీటిలో కరిగిన లవణాల్ని కొలిచే టీడీఎస్ మీటర్ ఉంటే ఊహించక్కర్లేదు. పంపు నీటి రీడింగ్, కొయ్య నానిన నీటి రీడింగ్ దగ్గర దగ్గరగా వచ్చాకే ట్యాంకులోకి. ఫిషింగ్ హార్బర్ వైపు దొరికే పాత పడవ చెక్కలు మాత్రం ఎంత నానబెట్టినా వద్దు. పడవ అడుగున వేసే రంగుల్లో రాగి ఉండొచ్చు, దానికి రొయ్యలు, నత్తలే ముందు పోతాయి.

అపోహ: ఉడకబెడితే ఏ కొయ్యైనా పనికొస్తుంది.

వాస్తవం: నాకు ఒళ్లు మండే మాట ఇదే. ఉడకబెడితే పైనున్న పురుగులు, గుడ్లు చస్తాయి, కొంత రంగు దిగుతుంది, లోపలి గాలి పోయి నీరు పడుతుంది. అంతవరకే. పచ్చి కొయ్య ఉడికించినా పచ్చిదే. దాని రసం ట్యాంకులో కుళ్లి ఆక్సిజన్ లాగేస్తుంది. తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. జామ కొమ్మ గట్టిది, వంకర్లూ అందంగా ఉంటాయి. అయినా బెరడు ఒలిచి నెలల తరబడి ఎండనివ్వాల్సిందే. గోరు దిగితే పుచ్చినట్టు. విరిచిన చోట పచ్చి వాసన వస్తే ఇంకా ఎండనట్టు. వేప, నీలగిరి, జీడిమామిడి, గన్నేరు జోలికి పోవద్దు. పాలు, జిగురు కారే చెట్టేదైనా అంతే. కొందరు కంబాలకొండలో ఏరుకొస్తామంటారు. అది అభయారణ్యం, పుల్ల కూడా తేకూడదు.

అన్నట్టు, ఉడకబెట్టడానికి వంటింటి తపేలా తీయకండి. మరక వదలదు, ఇంట్లో మాటలూ పడతాయి.

అపోహ: నీళ్లు ఎర్రబడితే విషం దిగినట్టే.

వాస్తవం: అవి టానిన్లు, అంటే కొయ్యలోంచి నీటిలోకి దిగే రంగు పదార్థాలు. డికాషన్ రంగు వచ్చినా చేపలకు హాని లేదు, బెట్టా, టెట్రాలకైతే హాయి. చూడబుద్ధి కాకపోతే నీళ్లు మారుస్తూ ఫిల్టర్‌లో రంగు పీల్చే బొగ్గు, అదే యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి.

అపోహ: తెల్లటి జిగురు పట్టిందంటే కొయ్య పాడైనట్టే.

వాస్తవం: కొత్త కొయ్యకు మొదటి వారాల్లో అది మామూలే. పాత టూత్‌బ్రష్‌తో రుద్దేయండి, రొయ్యలుంటే అవే తినేస్తాయి. కొయ్య మెత్తబడి కుళ్లిన గుడ్డు కంపు కొడితేనే పారేయాలి.

అపోహ: సర్ఫ్‌తో కడిగితే బాగా శుభ్రమవుతుంది.

వాస్తవం: వద్దు. కొయ్య పీల్చుకున్న సబ్బంతా ట్యాంకులోనే వదులుతుంది.

అపోహ: తేలే కొయ్య పనికిరాదు.

వాస్తవం: నానితే చాలావరకు మునుగుతుంది. ఆగలేకపోతే అడుగున గ్రానైట్ ముక్క పెట్టి స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూతో బిగించండి. మామూలు ఇనుప మేకు తుప్పు పడుతుంది. కడప బండ ముక్క వద్దు, అది సున్నపురాయి జాతి, నీటి కఠినత్వం పెంచుతుంది.